పచ్చిక మీద కనికట్టు

గోల్ఫ్ పిచ్చి ఉన్నవాళ్లని ‘జీవితంలో ఒక్కసారైనా ఆడాలనుకునే కోర్సులేవి?’ అని అడిగి చూడండి. చెప్పే పేర్లలో రెండు మూడైనా ఒకే మనిషి చేతి చలవే అయి ఉంటాయి. ఆయన ఛాంపియన్ కాదు, వైద్యుడు. యుద్ధంలో కళ్లను మోసం చేసే విద్య చూసొచ్చి, దాన్ని పచ్చిక మీద ప్రయోగించాడు.

అమెరికాలోని అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్బులో, పదో హోల్, అంటే ఆటలో పదో అంచె, దారి మధ్యలో ఓ పెద్ద ఇసుక గుంట ఉంది. గోల్ఫ్ భాషలో బంకర్. దాదాపు 60 గజాల పొడవు. అంచులు వంకీలు తిరిగి, నేలమీదికి దిగిన మబ్బుతునకలా ఉంటుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో ఆటలో అంత పనికిరానిది. ఒకప్పుడు దాని పక్కనే గ్రీన్ ఉండేది. బంతి పడాల్సిన గుంత ఉండే నున్నటి పచ్చికే గ్రీన్. 1937లో దాన్ని అక్కణ్నుంచి తీసి, వెనకున్న మిట్ట మీదికి మార్చారు. బంకర్ ఒంటరిదైపోయింది. అక్కడ జరిగే మాస్టర్స్ టోర్నీకి వచ్చే హేమాహేమీల బంతులు దాని జోలికే పోవు. చీటికీమాటికీ ఏదో ఒకటి మార్చే ఆ క్లబ్బు కూడా దాన్ని పూడ్చే పని పెట్టుకోలేదు. పెద్దాయన పోయినా వరండాలోంచి తీయని పడక్కుర్చీలా అదలా ఉండిపోయింది.

ఆ పెద్దాయన పేరు అలిస్టర్ మెకంజీ.

గోల్ఫ్ కోర్సుల్లో రెండు రకాలున్నాయి. కొన్నిటికి భయపడి దండం పెడతారు. కొన్నిటిని ఇష్టపడి మళ్లీ వెళ్తారు. ఎక్కువ దెబ్బలు పడి, స్కోరు పెరిగి, ఆట పాడైన రోజున కూడా ‘ఇంకోసారి ఆడదాం’ అనిపించేవి రెండో రకం. మెకంజీ కోర్సులు ఆ కోవలోవి. క్యాలిఫోర్నియాలో సైప్రస్ పాయింట్, ఆస్ట్రేలియాలో రాయల్ మెల్బోర్న్, జార్జియాలో అగస్టా... ప్రపంచంలో మేటి కోర్సుల జాబితా ఎవరు వేసినా ఈ మూడూ పైవరసలోనే కనిపిస్తాయి. దానికి కారణం వెతకాలంటే ముందు ఓ యుద్ధభూమికి వెళ్లాలి.

కందకం నేర్పిన పాఠం

మెకంజీ 1870లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. స్కాట్లండ్ మూలాలున్న కుటుంబం. కేంబ్రిడ్జిలో చదివి వైద్యుడయ్యాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వస్తే సైనిక వైద్యుడిగా వెళ్లాడు. అక్కడ ఆయన్ని ఆకట్టుకున్నవాళ్లు తమ సేనానులు కాదు, అవతలి పక్షంలోని బోయర్ రైతులు. తక్కువ మందితో పెద్ద సైన్యాన్ని ముప్పుతిప్పలు పెడుతున్నారు. తవ్విన కందకం నేలలో కలిసిపోయి కనబడేది కాదు. కనబడే కందకంలో మనుషులుండేవాళ్లు కాదు. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు. మన పల్లెల్లో గారడీవాళ్లు చేసే కనికట్టు ఇదే.

తిరిగొచ్చాక లీడ్స్ నగరంలో వైద్యం చేస్తూ, ఖాళీ దొరికినప్పుడు గోల్ఫ్ గ్రీన్ల నమూనాలు తయారుచేసుకునేవాడు. 1907లో అక్కడే అల్‌వుడ్లీ క్లబ్బు పెట్టినప్పుడు కోర్సు రూపకల్పన ఆయన చేతికొచ్చింది. 1914లో ‘కంట్రీ లైఫ్’ పత్రిక, రెండు దెబ్బల్లో గ్రీన్ చేరగల ఓ హోల్ గీసి పంపమని పోటీ పెడితే, గెలిచింది ఈ డాక్టరే. ఒకే హోల్‌కి నాలుగైదు దారులు చూపించడమే ఆ బొమ్మలోని విశేషం. ఎవరి సత్తాని బట్టి వాళ్లు దారి ఎంచుకోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే మళ్లీ సైన్యంలో చేరాడు. ఈసారి శత్రువు కళ్లు గప్పడం ఎలాగో నేర్పే పని మీద పడ్డాడు. యుద్ధం ముగిశాక వైద్యానికి సెలవిచ్చేశాడు.

ఆ విద్య గోల్ఫ్‌కి ఎలా పనికొచ్చిందో చూడండి. దూరాన్నుంచి చూస్తే బంకర్ గ్రీన్‌కి అంటుకునే ఉన్నట్టుంటుంది. ‘అమ్మో, దీన్ని దాటించాలా!’ అని ఆటగాడు బిగుసుకుపోతాడు. తీరా దగ్గరికెళ్తే ఆ రెంటి మధ్యా పాతిక ముప్ఫై గజాల మెత్తటి పచ్చిక ఉంటుంది. భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ. చూపుకి కఠినంగా, ఆడితే తేలిగ్గా ఉండే కోర్సు ఆటగాణ్ని ఇంటికి సంతోషంగా పంపిస్తుందని ఆయన పట్టుకున్నాడు. తాను పోసిన మట్టిదిబ్బ పక్కనున్న ప్రకృతిలో కలిసిపోవాలి, ఇది మనిషి చేసిందని తెలియకూడదు అన్నది ఆయన పెట్టుకున్న రెండో నియమం.

డాక్టరు గారి చీటీ

1920లో మెకంజీ కోర్సుల నిర్మాణం మీద చిన్న పుస్తకం రాశాడు. అందులో 13 సూత్రాలున్నాయి. కొన్నిటి సారాంశం ఇదీ:

• ప్రతి హోల్‌కీ తనదైన స్వభావం ఉండాలి.
• గ్రీన్లు ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. ఆటగాడి చేత కొండలెక్కించకూడదు.
• ఒక హోల్ ముగిసిన చోటి నుంచి తరవాతి దానికి ఎక్కువ దూరం నడిపించకూడదు.
• సాహసం చేసేవాడికి దాటడానికో అడ్డంకి ఉండాలి. చేయలేనివాడికి ఒక దెబ్బ ఎక్కువైనా సరే, చుట్టూ తిరిగి వెళ్లే దారి ఉండాలి.
• తప్పిపోయిన బంతిని పొదల్లో వెతుక్కునే చిరాకు ఉండకూడదు.
• కొత్తగా నేర్చుకునేవాడికి స్కోరు ఎంత పెరిగినా సరదా తగ్గకూడదు.

సముద్రం మీదుగా ఒక దెబ్బ

పై జాబితాలోని నాలుగో సూత్రం కళ్లారా చూడాలంటే సైప్రస్ పాయింట్ పదహారో హోల్ దగ్గర నిలబడాలి. పసిఫిక్ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి గండి కొట్టింది. ఇవతలి బండల మీద ఆటగాడు, అవతలి కొమ్ము మీద గ్రీన్. మధ్యలో 200 గజాలకు పైగా అలలు, రాళ్లు, గాలి. తగిలిందా, జన్మంతా చెప్పుకోవచ్చు. తగల్లేదా, బంతి సీల్ జంతువులపాలు. ధైర్యం చాలనివాళ్లకి ఎడమవైపు విశాలమైన పచ్చికుంది. అక్కడికి చిన్న దెబ్బ కొట్టి, ఆపైన గ్రీన్ చేరుకోవచ్చు. ఏరు ఈదలేనివాడు గట్టు పట్టుకుని నడిచినట్టు.

దీని వెనక ఓ మహిళ ఉంది. 1921లో అమెరికా మహిళల అమెచ్యూర్ టైటిల్ గెలిచిన మేరియన్ హోలిన్స్. ఈ క్లబ్బుని తలకెత్తుకుని నడిపించింది ఆమే. మొదట సెత్ రేనర్ అనే ఆర్కిటెక్టుకి పని అప్పజెప్పారు. ఇక్కడ సముద్రాన్ని దాటించడం కుదరదని ఆయన అన్నాడట. హోలిన్స్ బంతి పెట్టి, అక్కడికక్కడే అవతలి ఒడ్డుకి కొట్టి చూపించిందట. 1926లో రేనర్ చనిపోవడంతో పని మెకంజీ చేతికొచ్చింది. ఆ హోల్ ఘనత తనది కాదనీ, హోలిన్స్‌దేననీ ఆయనే రాసుకున్నాడు. 1928లో కోర్సు తెరిచారు. అడవి, ఇసుక దిబ్బలు, సముద్రం ఒకే ఆటలో వరసగా ఎదురవుతాయి. పదిహేను, పదహారు రెండూ ఒక్క దెబ్బలో గ్రీన్ చేరాల్సిన హోల్సే. వెంటవెంటనే అలా పెట్టకూడదని శాస్త్రం చెబుతుంది. నేల అలా అడిగింది, ఆయన అలా పెట్టాడు.

రాయల్ మెల్బోర్న్‌ది మరో అందం. 1926లో కొన్ని వారాల కోసం మెకంజీ ఆస్ట్రేలియా వెళ్లాడు. పశ్చిమ కోర్సు గీసి, కట్టే పనిని రెండేళ్ల కిందట ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన అలెక్స్ రసెల్‌కీ, క్లబ్బు మైదానాలు చూసుకునే మిక్ మోర్కమ్‌కీ వదిలేసి ఓడెక్కేశాడు. 1931లో కోర్సు తయారైంది. అక్కడి ఇసుకనేల ఎంత గట్టిదంటే బంకర్ అంచుని కత్తితో కోసినట్టు గ్రీన్ దాకా తెచ్చారు. దారులు మాత్రం విశాలం. బంతిని ఎక్కడైనా కొట్టొచ్చు. కానీ తప్పు వైపు కొడితే తరవాతి దెబ్బకి గ్రీన్ ముఖం చాటేస్తుంది. శిక్ష వెంటనే పడదు, ఒక దెబ్బ ఆలస్యంగా పడుతుంది. కొమ్ములు తిరిగిన ఆటగాళ్లు ఇక్కడ ప్రెసిడెంట్స్ కప్ మూడుసార్లు ఆడారు, 1998లో, 2011లో, 2019లో. అందరూ బలం పక్కనపెట్టి బుర్రకి పని చెప్పాల్సి వచ్చింది.

ఐర్లండ్‌లోని లహించ్ గురించీ ఒక మాట. పాత కోర్సుని 1927లో ఆయన తిరగరాశాడు. అక్కడ మేకలే వాతావరణ శాఖ. దిబ్బలు వదిలి క్లబ్బు దగ్గరికొచ్చి నిలబడ్డాయంటే వాన ఖాయమని నమ్మకం. మన దగ్గర తూనీగలు కిందికి దిగితే వానొస్తుందంటాం, అలాగన్నమాట.

అగస్టా అప్పుడు, ఇప్పుడు

బాబీ జోన్స్ పేరు గోల్ఫ్‌లో పురాణ పురుషుడి పేరు. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచి, 28 ఏళ్లకే పోటీలు వదిలేశాడు. అంతకు ముందేడు పెబుల్ బీచ్‌లో జరిగిన అమెరికా అమెచ్యూర్ పోటీలో మొదటి రౌండులోనే ఓడిపోయాడు. చేతిలో ఖాళీ మిగిలింది. దగ్గర్లోని సైప్రస్ పాయింట్ ఆడాడు. కొద్దిరోజులకే హోలిన్స్, మెకంజీ కలిసి కట్టిన పసాటియెంపో కోర్సు ప్రారంభానికి వెళ్లాడు. 1929 సెప్టెంబరు 8న ఆ తొలి ఆటలో ఆయనా ఉన్నాడు. తరవాత సొంత రాష్ట్రంలో తన కలల కోర్సు కట్టుకోవాలనుకున్నప్పుడు పిలిచింది మెకంజీనే.

అగస్టాలో పూలమొక్కల నర్సరీగా ఉన్న నేల మీద ఆ ఇద్దరూ అప్పటి పద్ధతికి విరుద్ధమైన పని చేశారు. ఎత్తుగడ్డి పెంచలేదు. బంకర్లు ఇరవై పైచిలుకే పెట్టారు. దారులు వెడల్పు చేసి, అసలు చిక్కంతా నేల వంపుల్లో దాచారు. ఆ రోజుల్లో అమెరికాని ఆర్థిక మాంద్యం కుంగదీస్తోంది. మెకంజీకి రావలసిన ఫీజులో చాలాభాగం రానేలేదు. 1934 మార్చిలో మొదటి టోర్నీ జరిగింది. దానికి రెండున్నర నెలల ముందే, జనవరి 6న, ఆయన కన్నుమూశాడు.

మాస్టర్స్‌గా పేరుపడ్డ ఆ టోర్నీలో ఈమధ్య మన పేరు కూడా ఒకటి మెరిసింది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబంలో, క్యాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన సాహిత్ తీగల 2023లో తొలిసారి మాస్టర్స్ ఆడాడు. ఆఖరిరోజు పదహారో హోల్ దగ్గర గ్రీన్ బయటినుంచి చిన్న దెబ్బతో లేపిన బంతి, వాలు మీద మలుపు తిరిగి తిన్నగా గుంతలోకి జారింది. తొమ్మిదో స్థానం పంచుకుని ముగించాడు. అయితే ఆ పదహారో హోల్ మెకంజీ గీసింది కాదు. 1947లో రాబర్ట్ ట్రెంట్ జోన్స్ దాన్ని కొత్తగా కట్టాడు. కోర్సు మొత్తమ్మీదా బంకర్లు పెరిగాయి, చెట్లు పెరిగాయి, పొడవు 7,500 గజాలు దాటింది. నేటి అగస్టాలో మెకంజీని చూడాలంటే దారుల వెడల్పులోనూ నేల వంపుల్లోనూ వెతకాలి. లేదంటే పదో హోల్ మధ్యనున్న ఆ ఒంటరి బంకర్ దగ్గర ఆగాలి.

గేటుకి అటూ ఇటూ

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. బలహీనుడికీ దారి ఉండాలని సూత్రం రాసిన మనిషి కట్టిన రెండు మహా కోర్సుల్లోకి మామూలు మనిషికి ప్రవేశం లేదు. సైప్రస్ పాయింట్‌లోనైనా అగస్టాలోనైనా సభ్యులో, సభ్యుల అతిథులో అయితేనే ఆడగలరు. తక్కినవాళ్లు టీవీలో చూసి ఊరుకోవాలి. ఎక్కువమంది ‘నాకిష్టమైన కోర్సు’ అని చెప్పేది తాము కాలు పెట్టని చోటు గురించే.

మెకంజీ గురువుగా భావించిన కోర్సు మాత్రం అలాంటిది కాదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌ని ఆయన 1924లో గజం గజం కొలిచి పటం గీశాడు. అది ఊరుమ్మడి నేల. ఆదివారం ఆట ఆపేస్తారు, జనం కుక్కల్ని వెంటబెట్టుకుని షికారుకొస్తారు. ఆయన మనసులోని గోల్ఫ్ అదే.

ఆ మాదిరి ఆనవాలు ఆయన కట్టిన వాటిల్లోనూ దొరుకుతుంది. పసాటియెంపోలో సభ్యులు కానివాళ్లు కూడా డబ్బు కట్టి ఆడొచ్చు. తాను కట్టిన రెండు దెబ్బల హోల్స్‌లో అక్కడి పదహారోదే ఆయనకి మహా ఇష్టం. ఆరో హోల్ పక్కనే ఇల్లు కట్టుకున్నాడు, అక్కడే పోయాడు. చితాభస్మం ఆ పచ్చిక మీదే చల్లారు.

ఇంకా చవగ్గా చూడాలంటే శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన పసిఫికా ఊళ్లో షార్ప్ పార్క్ ఉంది. 1932లో తెరిచిన మునిసిపల్ కోర్సు, ఇప్పటికీ శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలక సంస్థదే. సముద్రపు పోటుకి ఒడ్డునున్న కొన్ని హోల్స్ పోయాయి, కొన్ని రోడ్డు అవతలికి మారాయి. చిత్తడిలోని కప్పల కోసం, పాముల కోసం కోర్టు కేసులు నడిచాయి. హంగులు లేవు, ప్రహరీ లేదు. బే ఏరియాలో ఉన్న మన పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు సాయంత్రం నడకకి ఆ కరకట్ట మీదికి వెళ్లొచ్చు. ఒక పక్క పసిఫిక్ అలలు, మరోపక్క కొత్తగా కర్ర పట్టినవాళ్లు బంతిని ఎటో కొట్టి నవ్వుకుంటూ ఉంటారు. చుట్టూ తిరిగెళ్లే దారి ఎవరి కోసం వదిలారో వాళ్లు.