నిప్పు పెట్టడం నేర్పే బడి

ఆస్ట్రేలియా ఉత్తరాన, పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ రాతి పీఠభూమి మీద కబుల్‌వర్నమ్యో అనే మారుమూల పల్లె ఉంది. 2015లో అక్కడ మొదలైన నవర్‌డెకెన్ అకాడమీలో పిల్లలు ఇంగ్లీషు, లెక్కలతో పాటు సొంత భాషలో పెద్దల దగ్గర మరో చదువూ చదువుతారు. గడ్డికి నిప్పు ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరిని అడిగి పెట్టాలి అన్నవి కూడా ఆ చదువులో భాగమే.

పిల్లలకు ఇదేం పాఠం అనిపించవచ్చు. అక్కడి నేల తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు కురుస్తాయి, గడ్డి మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది. మే, జూన్ నెలల చల్లని కాలాన్ని అక్కడి బినింజ్ ప్రజలు యెక్కె అంటారు. అప్పటికి గడ్డి పైపైన ఎండినా మొదళ్లలో తడి ఉంటుంది, రాత్రిళ్లు మంచు పడుతుంది. ఆ రోజుల్లో పెట్టిన మంట కిందకిందే పాకి, చాలావరకు ఆ రాత్రికే దానంతట అదే ఆరిపోతుంది. కాలిన ముక్కా కాలని ముక్కా కలిసి నేలంతా గళ్ల దుప్పటిలా తయారవుతుంది. జంతువులు కాలని చోటికి తప్పుకుంటాయి. కాలిన చోట లేత పచ్చిక మొలవగానే కంగారూలు మేతకు వస్తాయి, వాటి వెనకే వేటగాళ్లు. అదే సెప్టెంబరు, అక్టోబరులలో అయితే ఆపడం ఎవరి తరమూ కాదు. మెరుపుతో పుట్టిన మంట వారాల తరబడి వందల కిలోమీటర్లు నడుస్తుంది, కొమ్మలనూ వదలదు. ముందే కాల్చి ఉంచిన ముక్కలే అప్పుడు దానికి అడ్డుకట్ట.

రిస్ జోన్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1969లో దీన్ని నిప్పుకట్టె సేద్యం అన్నాడు. ఆదివాసులు ఏమీ చేయని ఖాళీ అడవి అనుకున్నవాళ్లకు అది కొత్త మాట. కానీ గత శతాబ్దంలో ఈ పీఠభూమి మనుషులు క్రైస్తవ మిషన్లకు, పట్టణాలకు వెళ్లిపోయి నేల నిజంగానే ఖాళీ అయింది. చూసేవాళ్లు లేక ఎండాకాలం చివర వచ్చే పెద్ద మంటలు పెరిగాయి. అక్కడ తప్ప మరెక్కడా పెరగని అన్‌బినిక్ చెట్ల తోపులు దెబ్బతిన్నాయి. బర్డయల్ లాఫ్టీ నజమెరెక్ వంటి పెద్దలు తిరిగి వచ్చి పాత పద్ధతి మొదలుపెట్టారు. పెద్ద మంటలు తగ్గితే గాలిలోకి పోయే వాయువులూ తగ్గుతాయి కాబట్టి, అందుకు డబ్బిచ్చే ఒక కార్బన్ ఒప్పందం 2006లో సుమారు 28,000 చదరపు కిలోమీటర్ల మేర కుదిరింది. గడ్డి మళ్లీ పెరిగి బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆ ఒప్పందంలో డబ్బు తగ్గిన మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లకే. ఇప్పుడు రేంజర్లు హెలికాప్టర్ నుంచి కూడా నిప్పు వేస్తారు. సంప్రదాయం అంటే కట్టె పట్టుకుని నడవడమే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు గానీ, ఎక్కడ వేయాలో చెప్పేది పెద్దలే.

దక్షిణాన 2019-20 వేసవిలో కార్చిచ్చులు 33 మందిని బలిగొన్నాయి, 3,000కు పైగా ఇళ్లను కాల్చాయి. ఆ విపత్తు తర్వాత ప్రభుత్వం 2020లో వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, ఆదివాసుల అగ్ని పద్ధతులను ప్రత్యేకంగా పరిశీలించింది. కేప్ యార్క్‌లో ఇద్దరు పెద్దల దగ్గర ఈ విద్య నేర్చుకున్న విక్టర్ స్టెఫెన్సన్ పిల్లల కోసం పుస్తకమూ రాశారు. ఆదివాసుల చరిత్ర, సంస్కృతులు సబ్జెక్టులలో కలిసి ఉండాలని జాతీయ పాఠ్యప్రణాళిక చెబుతుంది కాబట్టి సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో చదివే తెలుగు పిల్లలకూ ఈ విషయం ఎదురుకావచ్చు.

నా భయమల్లా పాఠం ఒక్క వాక్యంగా మిగిలిపోతుందేమోనని. ‘ఆదివాసులు అడవిని కాల్చి కాపాడారు’ అని బట్టీపట్టిన పిల్లవాడికి ఏమీ రానట్టే లెక్క. బడి పక్క మైదానంలో ఏ గడ్డి ఏ నెలలో ఎండుతోంది, ఏ చెట్టు ఎప్పుడు పూస్తోంది, మంచు ఎన్నాళ్లు పడుతోంది అని ఏడాది పొడవునా రాసుకున్న పిల్లవాడు నయం. ఆ నేల తాలూకు పెద్దల్ని పిలిచి, వాళ్లు చెప్పదలచుకున్నంత వరకే వినడం ఇంకా నయం. ఏ తావు ఎవరిదో, ఎవరి అనుమతి కావాలో కూడా ఈ విద్యలో సగం.

ఇదంతా చదివి మన అడవులకూ ఇదే మందు అనుకోవద్దు. ఇప్పపూలు ఏరుకోవడానికో, తునికాకు చిగురు బాగా రావడానికో వేసవిలో పెట్టే మంట పూర్తిగా ఎండిన ఆకు మీద పడుతుంది. పోడు మంట పంట కోసం నేలను ఖాళీ చేసేది. మంచు పడే చల్లని రోజు చూసి పెట్టిన యెక్కె మంటకూ వీటికీ కాలమూ వేరు, ఉద్దేశమూ వేరు.