ఆ సందేశం బ్యాంకు పంపినదేనా?

రాత్రి ఎనిమిది దాటింది. భోజనానికి కూర్చోబోతున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుని సెల్‌ఫోను చిన్నగా మ్రోగింది. ఇంగ్లీషులో రెండే వాక్యాలు: ఆయన ఖాతా నుండి రూ. 24,999 చెల్లింపు జరిగిందట. అది ఆయన చేసినది కాకపోతే వెంటనే ఫలానా నంబరుకు ఫోను చేయాలట. పింఛను సొమ్మంతా ఆ ఖాతాలోనే ఉన్నది. ఫోను చేయకపోతే డబ్బు పోతుందేమోనన్న భయం. చేస్తేనే పోతుందేమోనన్న అనుమానం. ఆయన ఏం చేయాలి?

ఇటువంటి ఘడియ ఈ దేశంలో ఏ ఖాతాదారుకైనా ఎదురు కావచ్చు. చిక్కేమిటంటే, బ్యాంకులు నిజంగానే ఇటువంటి హెచ్చరికలు పంపుతాయి. ఖాతాదారులంతా సందేశాలకు నమోదు చేసుకొనేటట్లు చూడవలసిందని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న బ్యాంకులను ఆదేశించింది. కాపలా కోసం ఏర్పడిన ఆ పద్ధతినే మోసగాళ్లు అనుకరించారు. దొంగ కొత్త వేషం కట్టలేదు. కాపలావాని చొక్కానే తొడుక్కున్నాడు.

పంపినవారెవరు?

మొదట చూడవలసినది సందేశం పైభాగం. బ్యాంకు హెచ్చరికలు మామూలు పది అంకెల సెల్ నంబరు నుండి రావు. నమోదైన అక్షరాల పేరుతో వస్తాయి. 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పేరు చివర మరొక అక్షరాన్ని చేర్పించింది. లావాదేవీలకు ‘టి’, సేవలకు ‘ఎస్’, ప్రకటనలకు ‘పి’, ప్రభుత్వానికి ‘జి’. బ్యాంకులు చేసే సేవా సంబంధమైన ఫోన్ల కోసం 1600తో మొదలయ్యే సంఖ్యలు కేటాయింపబడ్డాయి.

కాని గుర్తు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. గుర్తు లేకపోతే అనుమానించవచ్చు; ఉంటే మాత్రం పరీక్ష పూర్తి కాలేదనే భావించాలి.

చెబుతున్నదా, అడుగుతున్నదా?

అసలు హెచ్చరిక ముఖ్యంగా ఒక సమాచారం. ఖాతా సంఖ్యలోని చివరి అంకెలు, మొత్తం, తేదీ చెప్పి ఊరుకుంటుంది. మహా అయితే, ఆ లావాదేవీ మీది కాకపోతే తెలియజేయమంటుంది. నకిలీ సందేశం మీచేత ఏదో ఒకటి చేయిస్తుంది. లింకు నొక్కమంటుంది, కేవైసీ పేరిట యాప్ దింపుకోమంటుంది, ఈ రాత్రికే ఖాతా స్తంభించిపోతుందని తొందరపెడుతుంది. ఓటీపీ, పిన్, కార్డు వెనుకనున్న మూడంకెల సంఖ్య — వీటిని చెప్పమని ఏ బ్యాంకూ అడగదు. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్‌తో పనే లేదు, అది చెల్లించడానికే.

మరొక మోసం దయాగుణంపై ఆధారపడినది. “పొరపాటున మీ ఖాతాలో పది వేలు పడ్డాయి, దయచేసి తిరిగి పంపండి” అని ఒక గొంతు ప్రాధేయపడుతుంది. రుజువుగా సందేశం కూడా వచ్చి ఉంటుంది. చూడవలసినది సందేశాన్ని కాదు, ఖాతాలోని నిల్వను. నిజంగా సొమ్ము చేరినా, బ్యాంకుకు తెలియజేసి దాని ద్వారానే తిరిగి పంపడం క్షేమం.

దారి మార్చడమే ఉపాయం

ఎంత అనుభవజ్ఞుడైనా కొన్ని సందేశాలను చూపుతో తేల్చలేడు. తేల్చవలసిన అవసరమూ లేదు. సందేశం చూపిన దారిని విడిచి, తనకు ముందే తెలిసిన దారిలో బ్యాంకును చేరడం చాలును. ఏటీఎం కార్డు వెనుక అచ్చయిన నంబరు, పాస్‌బుక్కు, ఎప్పుడూ వాడే యాప్, ఉదయమైతే స్వయంగా శాఖ. హెచ్చరిక నిజమైనదైతే అక్కడా అదే మాట వినిపిస్తుంది. అబద్ధమైతే అక్కడే తేలిపోతుంది.

అలాగని సందేశాన్ని నిర్లక్ష్యం చేయడమూ ప్రమాదమే. తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక మరెక్కడో ఉన్నప్పుడు, మూడు పనిదినాలలోగా తెలియజేసినవారికి నష్టబాధ్యత ఉండదని 2017 ఆదేశం నిర్దేశించింది. రహస్య సంఖ్యను తానే చెప్పినవానికి, ఫిర్యాదు చేసేవరకు పోయినదంతా తన నష్టమే. ఆ తరువాత పోయినది బ్యాంకు భరించాలని కూడా అందులోనే ఉన్నది. కనుక మోసపోయినవారు సిగ్గుపడి దాచుకొనే ప్రతి గంటకూ ధర ఉన్నది. బ్యాంకుతో పాటు 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. సొమ్ము చేతులు మారేలోగా దారిలోనే ఆపడానికి ఏర్పడినదే ఆ వ్యవస్థ.

ఇక ఆ ఉపాధ్యాయుడు చేయవలసినది స్వల్పమే. సందేశంలోని నంబరును ముట్టకుండా, పెట్టెలోని కార్డు తీసి, కళ్లజోడు పెట్టుకొని, దాని వెనుకనున్న అంకెలను ఒక్కొక్కటిగా నొక్కాలి. అందుకు రెండు నిమిషాలు పడుతుంది. మోసగాడు ఆయనకు ఇవ్వకూడదనుకున్నవి ఆ రెండు నిమిషాలే.