తరగతిగదిలో మాటలాడు యంత్రములు

రేడియో గల కుటుంబముల వారందరికిని అనుభవమైన విషయ మొకటి కలదు. వార్తలు వచ్చుచుండగా వాకిట నెవరో పిలిచినచో, మనము లేచిపోయి వచ్చులోపల రెండు నిమిషముల వార్తలు పోయినట్లే. పెద్దల కిందువలన గొప్ప నష్టము లేదు. రాత్రి వార్తలలో మరల వినవచ్చును. కాని పిల్లవానికి భిన్నముల తీసివేతలో ఒక్క మెట్టు తప్పినచో, తరువాతి మెట్లన్నియు తప్పును. పాఠశాలలో యంత్రసాధనములను వాడుటయందలి చిక్కంతయు మాకు ఇక్కడనే కనబడినది.

మే మా యంత్రమును మొదట చూచినది నేలమీద కూర్చుండిన పిల్లలముగా. 1975 ఆగస్టు 1వ తేదీన ఉపగ్రహము ద్వారా టెలివిజన్ బోధనా ప్రయోగము మన దేశమున మొదలైనది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము తూర్పు ఆఫ్రికాకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచి, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమముల నందించెను. మా మహబూబ్‌నగరు జిల్లా గ్రామములును అందు చేరినవి. కోళ్లగూళ్లకు వాడు ఇనుప జాలీతో చేసిన పది అడుగుల గొడుగు వంటి యాంటెన్నా యొకటి బడి ప్రక్కన వెలసినది. ఉదయమున పిల్లల కొరకు 22½ నిమిషములు తెలుగులో పాఠము వచ్చెడిది. బొమ్మ వచ్చినంతసేపు మేము ఊపిరి బిగబట్టి చూచెడివారము. పోయిన తరువాత మా ఉపాధ్యాయులు ఏమి తెలిసినదని యడిగిన, ఒకరి మొగమొకరు చూచుకొనెడివారము. 1976 జూలై 31తో ప్రయోగము ముగిసినది. పెట్టె మూగబోయినది.

పిమ్మట మేమును ఉపాధ్యాయులమైతిమి. పాఠశాల ప్రసారములు పిల్లలకు వినిపింపవలెనను ఉత్సాహముతో మా యింటి రేడియోను సైకిలుపై బడికి గొనిపోవుచుంటిమి. ఒకనాడు గణిత పాఠము నడుమ మూడవ తరగతి బాలు డొకడు చేయెత్తి, “సారూ, ఆయన జర ఆగడా?” యని యడిగెను. తరగతి యంతయు నవ్వినది, మేమును నవ్వితిమి. నవ్విన పిదప గమనింపగా, ప్రసంగించువారు ప్రశ్న వేసి, పిల్లలు నోరు తెరచులోపలనే తామే జవాబు చెప్పుచుండిరి. చెప్పవలసిన మాట గనుక చెప్పుచున్నాము: మేమును నల్లబల్ల యెదుట అదే పని చేయుచుంటిమి. పాఠము పూర్తికావలెనను తొందర యంత్రమునకే కాదు, మాకును ఉండెడిది.

అమెరికాలో మేరీ బడ్ రో అను విదుషి 1970ల నాటి పరిశోధనలలో తరగతులలోని సంభాషణలను టేపుపై నెక్కించి పరిశీలించిరి. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసి జవాబు కొరకు ఆగు కాలము సగటున ఒక్క సెకండు మాత్రమే యని తేలినది. దానిని మూడు సెకండ్లకు పెంచినంతనే పిల్లల జవాబులు పొడుగైనవి. ఎన్నడును పలుకని పిల్లలును పలుకసాగిరి. అదే దశకమున నికరాగువా దేశములో, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారి సాయముతో, రేడియోలో గణితము బోధించు ప్రయోగము జరిగినది. అందు ప్రశ్న వేసిన గొంతు కొద్ది క్షణములు మౌనము వహించును. ఆ మౌనములో పిల్లలందరును బిగ్గరగా జవాబు చెప్పుదురు. తరువాతనే సరియైన జవాబు వినవచ్చును. రేడియోకు పిల్లల మాట వినబడదు. అయినను వినుచున్నట్లే నిలిచియుండును. మౌనమన్న రేడియోవారికి సాధారణముగా భయము. యంత్రము పాడైనదని శ్రోతలు చెవి మెలిపెట్టుదురు గదా!

మా బడికి టేపు రికార్డరు వచ్చిన తరువాత ఆ మౌనమును మేమే కల్పింపగలిగితిమి. టేపు చిక్కుపడుట, పెన్సిలు దూర్చి చుట్టుకొనుట వంటి తిప్పలు ఉండనే యున్నవి. కాని ఆపుటకొక మీట కలదు. మేము నేర్చిన బోధనావిద్యలో సగము ఆ మీటపై వ్రేలుంచి, ఎప్పుడు నొక్కవలెనో పిల్లల కన్నులలో చూచుకొనుటయే.

2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినవి. సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. చక్కని పాఠములే, బొమ్మలు, లెక్కలు, అన్నియు శ్రద్ధతో కూర్చినవి. కాని మరల ఆగని గొంతే. పైగా మా పిల్లలలో కొందరి యిండ్లలో టీవీ లేదు. ఉన్న యిండ్లలో కరెంటు నమ్మకము లేదు. అయిదవ తరగతి బాలిక యొకతె తల్లి వెంట పత్తి యేరుటకు పోయెడిది. గణితము వచ్చు వేళకు ఆమె చేనులో నుండెడిది. ఇక చదువు మానునేమో యని మాకు తోచినది. తల్లియు “ఇగ చాలు లే సారూ” అనెను.

యూట్యూబులో నిలువయుండు పాఠములను మా ఫోనులో దింపుకొని, సాయంకాలము రచ్చబండకు పోవుట మొదలిడితిమి. ఎడముగా కూర్చుండిన నలుగురైదుగురు పిల్లలు, నడుమ ఫోను. మొదట మేమే ఆపుచుంటిమి. మూడవ నాడు భిన్నముల తీసివేత వచ్చినది. హారములు సమము చేయుచోట ఆ బాలిక చేయి చాచి తెరపై వ్రేలు నొక్కినది. పాఠమాగినది. ఆమె పలకపై వేసి చూచుకొని, చెరిపి, మరల వేసి, వెనుకకు త్రిప్పి మొదటినుండి వినినది. ఆ పాఠము అరగంటది. ఆనాడు మాకు వీధిదీపములు వెలుగువరకు పట్టినది.