వీధులు కలిస్తేనే వైద్యం దగ్గర



అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు గుండెనొప్పి వస్తే 108కి ఫోన్ చేస్తాం. బండి ఊళ్లోకి వచ్చాక మన గుమ్మం చేరడానికి ఎంతసేపు పడుతుంది? అది డ్రైవరు ఒక్కడి చేతిలో లేదు. మన వీధులు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయన్న దాని మీద కూడా ఉంది.

వైద్యానికో, మిరపకాయలు అమ్ముకోవడానికో గుంటూరు వెళ్లినవారు బ్రాడీపేట చూసే ఉంటారు. అక్కడ లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు మరొకవైపు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కొత్తవారైనా ఇల్లు పట్టుకోగలరు. ఒక వీధిలో పెళ్లిపందిరి వేస్తే పక్క వీధిలోంచి వెళ్లవచ్చు.

ఊరు పొలాల్లోకి పెరిగేకొద్దీ ఈ కలయిక తగ్గుతుంది. పత్తిచేను ఒకరిది, పక్కనున్న మిరపచేను ఇంకొకరిది. వేర్వేరు ఏళ్లలో వేర్వేరు వెంచర్లవుతాయి. ఎవరి ప్రహరీ వారిది, ఎవరి గేటు వారిది. లోపలి వీధి పక్కవారి గోడ దగ్గర ఆగిపోతుంది. 1975 నుంచి ప్రపంచంలో చాలా చోట్ల కొత్త వీధులు ఇలాగే తెగిపోతున్నాయని 2020లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

16వ నంబరు జాతీయ రహదారి మీదున్న మన మార్టూరుకు ఇది మరీ ముఖ్యం. వెనక వీధులు కలవకపోతే పాల ప్యాకెట్టుకు వెళ్లే పిల్లవాడు కూడా లారీల పక్కన నడవాలి. షుగరు ఉన్నవారిని వారానికి 150 నిమిషాలైనా నడవమంటాం. దారి లేకపోతే ఎక్కడ నడుస్తారు? రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చినవారికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అంతకుముందే స్కానింగ్ కూడా కావాలి. అందులో పది నిమిషాలు మలుపుల్లో పోతే ఎలా?

మనం చేయగలిగినవి:

1. ప్లాటు కొనేముందు ప్లాను చూడండి. వీధికి రెండు చివరలా దారి ఉందా అని అడగండి.

2. పాత డొంకలు ఆక్రమణ కాకుండా గ్రామసభలో మాట్లాడండి.

3. రెండు వెంచర్ల మధ్య గోడలో కనీసం మనిషి, సైకిలు పట్టే దారి వదలమని కోరండి.

4. మీ ఇంటికి తేలికగా చెప్పగల గుర్తును ఇంటిల్లిపాదికీ నేర్పండి. 108 వస్తున్నప్పుడు ఒకరు మలుపు దగ్గర నిలబడండి.

ఇళ్లు లేచాక దారి తీయడం ఎంతో కష్టం. గోడ కట్టకముందే అడుగుదాం.