ప్రతి టిక్కుకూ లేవకూడదు
సునామీని పసిగట్టే సముద్రగర్భ యంత్రంలోని చిన్న చిప్పుకు అసలు పరీక్ష వేగం కాదు; దేనికి స్పందించాలో, దేనికి స్పందించకూడదో తెలియడం

గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసన, దేశపు చిట్టచివరి నేల అయిన ఇందిరా పాయింట్ వద్ద 1972లో వెలిగిన లైట్‌హౌస్ ఇప్పుడు నీళ్లలో నిలబడి ఉంది. 2004 డిసెంబరు 26 ఉదయం 6.29 గంటలకు సుమత్రా సమీపంలో సముద్రగర్భం కదిలినప్పుడు దాని చుట్టూ ఉన్న నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. కాసేపటికే కడలి విరుచుకుపడింది. అండమాన్, నికోబార్ దీవుల్లో మూడు వేలమందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. అవే అలలు విశాఖపట్నం చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. కబురు చెప్పడానికి అది చాలినంత సమయమే. కానీ చెప్పే వ్యవస్థే లేదు. సునామీని నడిసముద్రంలోనే పట్టుకునే పరికరం అప్పటికి హిందూ మహాసముద్రంలో ఒక్కటీ లేదు.

ఆ లోటు తీర్చే బాధ్యత తెలుగు గడ్డ మీదికే వచ్చింది. 2007 అక్టోబరులో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం మొదలైంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సముద్రంలో సునామీ బోయ్‌లను దించింది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మందికి తెలుగే మాతృభాష. కాబట్టి ఈ యంత్రాల పనితీరు మన కోస్తా వాసులకే కాదు, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ మనవాళ్లకూ ప్రాణావసరమే.

అడుగున ఒక గడియారం

సునామీ నడిసముద్రంలో కంటికి కనిపించదు. 2004 నాటి అల భూకంపం వచ్చిన రెండు గంటల తర్వాత అరవై సెంటీమీటర్ల ఎత్తే ఉందని జేసన్-1 ఉపగ్రహం కొలిచింది. పైన గాలికి లేచే కెరటాలు దానికన్నా పెద్దవి. అయితే ఆ కెరటాల ప్రభావం నాలుగైదు కిలోమీటర్ల లోతుకు చేరదు. సునామీ బరువు మాత్రం అడుగుదాకా తెలుస్తుంది. అందుకే పీడనమాపకాన్ని సముద్రం అడుగున పెడతారు. అది శబ్దతరంగాల ద్వారా పైన తేలే బోయ్‌కి సమాచారం పంపితే, బోయ్ దాన్ని ఉపగ్రహం ద్వారా తీరానికి చేరవేస్తుంది.

ఈ పీడనమాపకంలో ఉండేది క్వార్ట్‌జ్ స్ఫటికం. సెకనుకు ముప్పై వేలసార్లకు పైగా కంపిస్తుంది. నీటి బరువు మారితే కంపనాల వేగం రవ్వంత మారుతుంది. అంటే లోతును కొలవడమంటే ఇక్కడ కాలాన్ని కొలవడమే. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు తెలిసిన పాత చిక్కు ఇక్కడే ఎదురవుతుంది: ఇంత వేగంగా వచ్చే సంకేతాలను ఒక బుల్లి మైక్రోకంట్రోలర్ ఎలా లెక్కపెట్టాలి?

తలుపు తట్టే అతిథి

అందరికీ ముందుగా తట్టే ఉపాయం ఇంటరప్ట్. సంకేతం వచ్చిన ప్రతిసారీ ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, దాన్ని ఎక్కడ ఆపిందో రాసిపెట్టుకుని, లెక్కకు ఒకటి కలిపి, మళ్లీ మొదటి పనికి వెళ్తుంది. వినడానికి చిన్న పనే. లెక్క వేస్తే భయమేస్తుంది. చిప్పు వేగం 16 మెగాహెర్ట్‌జ్, సంకేతాలు సెకనుకు 40 వేలు అనుకుందాం. ఒక సంకేతానికీ మరో సంకేతానికీ మధ్య దొరికేది 400 సైకిళ్లు. వచ్చి పోవడానికే వంద ఖర్చయితే ప్రాసెసర్ కాలంలో పావువంతు గోవిందా. ప్రతిసారీ రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే ఆర్‌టీఓఎస్‌ను పిలిచి ఒక టాస్క్‌ను లేపమంటే మిగిలిన మూడొందలూ చాలకపోవచ్చు. అప్పుడు డేటా నమోదు చేసే పని, పైకి కబురు పంపే పని వరసలో నిలబడే ఉంటాయి. పైగా చిప్పుకు నిద్రే ఉండదు. సముద్రం అడుగున ఏళ్లతరబడి పనిచేయాల్సిన బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది.

ఇంట్లో కరెంటు మీటరు ఈ చిక్కును ఏనాడో విప్పింది. పాత మీటరులో చక్రం తిరిగిన ప్రతిసారీ కరెంటాఫీసు మనిషి వచ్చి రాసుకోడు. మీటరే లెక్క దాచుకుంటుంది. ఆయన నెలకోసారి వచ్చి అంకె చూసుకుని పోతాడు.

అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా తన డార్ట్-2 యంత్రం గురించి 2005లో ప్రచురించిన వివరాల్లో సరిగ్గా ఈ ఏర్పాటే కనిపిస్తుంది. అందులోని మెదడు మోటరోలా 68332 మైక్రోకంట్రోలర్. కానీ కంపనాలను లెక్కించేది అది కాదు. ఆ పనికి విడిగా ఒక కౌంటర్ సర్క్యూట్ ఉంది. సెకనుకు 20,97,152 టిక్కులు కొట్టే స్థిరమైన స్ఫటికంతో సెన్సర్ కంపనాలను పోల్చి చూస్తుంది. ఒక్కో కొలత 15 సెకన్లపాటు సాగుతుంది. అంటే మూడు కోట్లకు పైగా టిక్కులు. ఒక కొలత ముగిసి రెండోది మొదలయ్యే మధ్య ఖాళీ ఉండదు. ప్రాసెసర్ అందుకునేది 15 సెకన్లకు ఒక అంకె. అయినా మిల్లీమీటరు కన్నా తక్కువ తేడా తెలుస్తుంది.

ఆర్‌టీఓఎస్ చోటు ఎక్కడ?

ఆర్‌టీఓఎస్‌కు సొంత టిక్కు ఉంటుంది. ప్రపంచమంతా వాడే ఫ్రీఆర్‌టీఓఎస్‌లో దాన్ని సాధారణంగా సెకనుకు వెయ్యిగా పెట్టుకుంటారు. వేగం కావాలి కదా అని దాన్నే నలభై వేలకు పెంచడం కొత్తవారు చేసే పొరపాటు. టిక్కు పడ్డప్పుడల్లా ఎవరి వంతో చూడటంతోనే వ్యవస్థకు సరిపోతుంది. చేయితిరిగినవారు మూడు మెట్లలో ఆలోచిస్తారు. ఒకటి, లెక్కను చిప్పులోని టైమర్ హార్డ్‌వేర్‌కే వదిలేయడం. రెండు, డీఎంఏ సాయంతో కొలతలను నేరుగా మెమరీలో పేర్చి, గంప నిండాకే ప్రాసెసర్‌ను పిలవడం. మూడు, వేగవంతమైన ఇంటరప్ట్ తప్పనిసరైతే దానికి ఆర్‌టీఓఎస్ కూడా ఆపలేనంత ప్రాధాన్యమివ్వడం. దీనికి ఒక షరతు ఉంది. అంత ఎత్తున కూర్చున్న ఇంటరప్ట్ ఆర్‌టీఓఎస్ సేవలేవీ పిలవకూడదు. రెండు మూడు పనులు చేసి తప్పుకోవాలి.

ప్రాధాన్యాల లెక్క తప్పితే ఏమవుతుందో 1997లో అంగారకుడి మీద తెలిసింది. పాత్‌ఫైండర్ నౌకలో తక్కువ ప్రాధాన్యం గల వాతావరణ టాస్క్ ఒక వనరును పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి టాస్క్ దాన్ని పక్కకు నెట్టింది. ఆ వనరు కోసం ఎదురుచూస్తున్న అతి ముఖ్యమైన టాస్క్ ఆగిపోయింది. కాపలా టైమర్ అది గమనించి కంప్యూటర్‌ను పదేపదే రీసెట్ చేసింది. ఇంజినీర్లు భూమి మీద నుంచే సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట మార్చి సరిచేశారు. డార్ట్-2లోనూ అలాంటి కాపలా టైమర్ ఉంది.

మూడు సెంటీమీటర్ల తీర్పు

అడుగున ఉన్న యంత్రం ఆటుపోట్లను బట్టి నీటిమట్టం ఎంత ఉండాలో ముందే అంచనా వేసుకుంటుంది. వరసగా రెండు కొలతలు ఆ అంచనాకు నిర్దేశిత హద్దు దాటితే అలారం స్థితికి మారుతుంది. మామూలుగా ఆ హద్దు మూడు సెంటీమీటర్లు. ఇక్కడ కొన్ని టిక్కులు జారిపోతే లేని అల పుడుతుంది, లేదా ఉన్న అల మాయమవుతుంది.

లేని అల కూడా ప్రమాదమే. 2004 డిసెంబరు 30న కేంద్ర హోంశాఖ జారీచేసిన హెచ్చరికతో తీరప్రాంతాల జనం పరుగులు తీశారు. సునామీ రాలేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా తీరాన 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు పరిస్థితి వేరు. ఇన్‌కాయిస్ నిమిషాల్లో బులెటిన్లు ఇచ్చింది. సముద్రమట్టం కొలతలు చిన్న అలలే చూపడంతో ఆ సాయంత్రమే హెచ్చరికలు ఉపసంహరించింది.

అయితే బోయ్ అల తన మీదుగా వెళ్లాకే చెప్పగలదు. భూకంప రేఖ పక్కనే ఉన్న నికోబార్ వాసులకు అంత వ్యవధి ఉండదు. అందుకే మొదటి హెచ్చరిక భూకంప కొలతల మీదే వెలువడుతుంది. నేల గట్టిగా, ఎక్కువసేపు ఊగితే దేనికోసమూ ఆగకుండా ఎత్తైన చోటికి వెళ్లడమే వారి రక్ష. అక్కడ నిలబడ్డవారికి ఎప్పుడు దిగవచ్చో, విశాఖ తీరంలో ఉన్నవారు కదలాలో వద్దో తేల్చేది మాత్రం అడుగు నుంచి వచ్చే ఆ 15 సెకన్ల అంకెలే.