మా అంబాసడర్‌కు తలంటు

మా యింట్లో నాకంటె ఎక్కువ మర్యాద జరిగేది కారుకే. 1974లో మా నాన్నగారు కొన్న అంబాసడర్ అది. ఆయన 1996లో పోయారు గాని, కారు మాత్రం నిలిచివుంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తెచ్చుకుని, హిందుస్థాన్ మోటార్స్‌వారు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారుచేసిన బండి. 2014లో ఆ తయారీ ఆగిపోయింది. కనుక యిప్పుడు రోడ్డుమీద కనిపించే ప్రతి అంబాసడరూ వయసు మళ్ళినదే. వయసు మళ్ళినవాళ్ళకు పథ్యపానాలు తప్పవన్న సంగతి నాకు అరకు ఘాట్‌లో తెలిసింది.

మే నెల. వెనుక సీటులో ఎనభై నాలుగేళ్ళ మా అమ్మ, ఆవిడ పక్కన నా తొమ్మిదేళ్ళ మనుమరాలు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం. అనంతగిరి యింకా రాకముందే బానెట్టు సందుల్లోంచి ఆవిరి మొదలైంది. బండి పక్కకు తీసి ఆపాను. అంతవరకు చేసింది బాగానే వుంది. తర్వాత తొందరపడ్డాను. "అమ్మడూ, ఆ నీళ్ళ సీసా యిలా పట్రా" అని కేకవేసి, జేబురుమాలు అడ్డం పెట్టుకుని రేడియేటర్ మూత తిప్పేశాను. సలసల కాగే నీళ్ళు నిలువెత్తున ఎగిరిపడ్డాయి. నా మోచెయ్యిదాకా కాలింది. మనుమరాలు యింకో రెండడుగులు ముందుకు వేసివుంటే ఏమయ్యేదో తలుచుకుంటే యిప్పటికీ నాకు నిద్రపట్టదు.

ఎవరో యింకు పూయమన్నారు, మరెవరో టూత్‌పేస్టు రాయమన్నారు. మా అమ్మ వొప్పుకోలేదు. దగ్గర్లో వున్న కుళాయి కింద నా చెయ్యి పట్టి యిరవై నిమిషాలు కదలనివ్వలేదు. ఆస్పత్రిలో డాక్టరుగారు కూడా అదే సరైన పని అన్నారు.

మా అబ్బాయి కారును పాతసామాన్లవాడికి యిచ్చేయమన్నాడు. నేనూ సరేననబోయాను. అప్పుడు మా అమ్మ అంది: "దాని తప్పేముందిరా? యిన్నాళ్ళూ నీళ్ళు పోశావే గాని, ఒక్కసారైనా కడిగావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మర్నాడే మేస్త్రీని పిలిపించాను. చెయ్యి కట్టుతో వుంది గనుక నేను పక్కన కుర్చీ వేసుకు కూర్చుని చూశాను. చూసింది మీకు చెబుతాను.

ఇంజనులో కాలే పెట్రోలు వేడిలో దాదాపు మూడోవంతు నీళ్ళలోకి పోతుంది. పంపు ఆ నీళ్ళను ఇంజను చుట్టూ తిప్పి రేడియేటర్‌కు పంపుతుంది. అక్కడ సన్నని గొట్టాలలో ఫాను గాలికి అవి చల్లారి మళ్ళీ వస్తాయి. మూత గట్టిగా వుంటే లోపల వొత్తిడి పెరిగి, నూరు డిగ్రీలు దాటినా నీళ్ళు మరగవు. మూత తియ్యగానే ఆ వొత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతాయి. నా చెయ్యి కాలింది అందుకే.

మేము దశాబ్దాలుగా పోసింది బోరునీళ్ళు. స్నానాల కాగు అడుగున తెల్లగా గార కడుతుంది చూడండి, అదే గార మా ఇంజను లోపలా కట్టింది. దానికి తుప్పు తోడైంది. గార వేడిని బయటికి పోనివ్వదు.

ఇంజను పూర్తిగా చల్లారాక మేస్త్రీ రేడియేటర్ అడుగు కుళాయి, ఇంజను పక్కనున్న కుళాయి రెండూ విప్పాడు. రెండోదాంట్లోంచి చుక్క రాలేదు! తీగపెట్టి పొడిస్తే ఎర్రటి బురద దిగింది. శుభ్రంచేసే మందును సీసామీద రాసిన ప్రకారం కలిపి, ఇంజను నడిపి, చల్లారనిచ్చి పారబోశాడు. తర్వాత గొట్టాలు వూడదీసి, రేడియేటర్‌లోకి కిందినుంచి పైకి, అంటే మామూలు దారికి ఎదురుగా, మెల్లగా నీళ్ళు పెట్టాడు. ధార జోరైతే పాత గొట్టాలు చిట్లుతాయట. ఇంజనుకూ అలాగే చేశాడు. తేటనీళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

థర్మోస్టాట్‌ను వంటింట్లో గిన్నెలో నీళ్ళుపోసి కాచి చూశాం. నీళ్ళు మరిగినా అది తెరుచుకోలేదు. "తీసి పారేస్తే పోలా?" అన్నాను. "వద్దండీ. ఇంజను సరిగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది" అని కొత్తది వేశాడు. వేలితో నొక్కితే మెత్తబడినట్టున్న రబ్బరు గొట్టాలు, సడలిన ఫాను బెల్టు, మూత కూడా మార్చాం. తుప్పు వదిలేసరికి పంపు కారడం బయటపడింది. అదీ ఒక ఖర్చే.

చివరికి కూలంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోసి, మూతలేకుండా ఇంజను నడిపి, గాలిబుడగలు పోయాక మళ్ళీ నింపాం. కూలంటు తియ్యగా వుండే విషం. పాతదైనా సరే, పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందనివ్వకండి. రెండేళ్ళకొకసారి మార్చండి. దారిలో ఆవిరి వస్తే బండి ఆపి, కనీసం అరగంట వూరుకోండి. మూత ముట్టుకోవద్దు. వేడి ఇంజనులో చన్నీళ్ళు పోస్తే యినుము పగలవచ్చు.

డిసెంబరులో మళ్ళీ అరకు వెళ్ళాం. నిరుడు ఆగినచోట బండి ఆగలేదు, నేనే ఆపాను. బానెట్టు ఎత్తి చూడబోతే మనుమరాలు నా చొక్కా పట్టుకు లాగి, "తాతయ్యా, చల్లారిందా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

"అయితే మూత జోలికి పోకు" అంది. వెనుక సీటులో మా అమ్మ నవ్వుతున్నది.