ఇంజనే లేని చక్రానికి గొలుసెందుకు?

కాలిఫోర్నియాలో ఉంటున్న పాఠకుడొకరు భలే ప్రశ్న పంపారు. చలికాలంలో టాహో సరస్సు వైపు, ఇంటర్‌స్టేట్ 80 మీద ట్రైలర్ తగిలించుకుని వెళుతుంటే డానర్ కనుమ దిగువన ఆపి, కారుకే కాదు, ట్రైలర్‌కు కూడా మంచులో పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసులు కట్టాలన్నారట. "లాగేది కారు కదండీ, ట్రైలర్ చక్రాలు ఊరికే దొర్లేవే కదా, వాటికెందుకు?" అని ఆయన సందేహం.

నిబంధన చదివితే సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ రోడ్లను చూసుకునే కాల్‌ట్రాన్స్ శాఖ చెప్పేదేమిటంటే, ట్రైలర్ లాగే బండికి ఇంజన్ తిప్పే ఇరుసు ఒకదానికి గొలుసులుండాలి. ట్రైలర్‌కు బ్రేకులుంటే దానికీ కనీసం ఒక ఇరుసుకు ఉండాలి. బ్రేకుల్లేని ట్రైలర్ ఊసే లేదు! బ్రేకున్నదానికే గొలుసట. జవాబంతా అక్కడే దాక్కుని ఉంది.

ముందు లెక్కలు గబగబా చూసేద్దాం. పొడి తారురోడ్డు మీద టైరు ఘర్షణ గుణకం సుమారు 0.7. బండ్లు తొక్కి అణిగిన మంచు మీద 0.2. గాజులా గడ్డకట్టిన మంచు మీద 0.1, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. గంటకు 48 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద 13 మీటర్లలో ఆగే బండి, గడ్డ మంచు మీద 90 మీటర్లు పోతుంది. అదే 6 శాతం వాలులో దిగుతుంటే దాదాపు 227 మీటర్లు. ఇక వెనక కారంత బరువున్న ట్రైలర్ ఉండి, దాని బ్రేకులు పనిచేయకపోతే ఆ వాలులో బండి అసలు ఆగదు. భూమ్యాకర్షణ లాగే బలం ముందు కారు చక్రాల పట్టు చాలదు. బరువైన ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి అనేది ఇందుకే. అయితే ఆ బ్రేకులే ఇంకో గొడవ తెచ్చిపెడతాయి. నన్ను ఊరించేది ఆ గొడవే.

దొర్లుతున్న చక్రాన్ని గమనించండి. బండి ఎంత వేగంగా పోతున్నా, టైరు నేలను తాకేచోట ఆ రబ్బరు ముక్క ఆ క్షణానికి రోడ్డు మీద దాదాపు నిలకడగానే ఉంటుంది. కాబట్టి ముందుకు తేలిగ్గా దొర్లుతూనే, పక్కకు నెడితే మొరాయిస్తుంది. ట్రైలర్ కారు వెనకే బుద్ధిగా రావడానికి ఈ మొరాయింపే ఆధారం. బ్రేకు మరీ గట్టిగా పట్టి చక్రం బిగుసుకుపోతే ఆ రబ్బరు జారడం మొదలెడుతుంది. జారే వస్తువుకు ముందూ పక్కా అనే తేడా లేదు. ఘర్షణ మొత్తం అది జారుతున్న దిశకు ఎదురుగానే పనిచేస్తుంది. పక్కవైపు కాపలాకు ఏమీ మిగలదు.

ఇంట్లో బీరువా జరిపినవాళ్లకిది అనుభవమే. కదలని బీరువాను పక్కకు తోయాలంటే ఇద్దరు కావాలి. గచ్చు మీద ముందుకు జారుతూ ఉండగా మాత్రం ఒక చేత్తో నెట్టినా పక్కకు తిరిగిపోతుంది. చక్రాలు బిగుసుకున్న ట్రైలర్ కూడా అంతే. రోడ్డు ఒక పక్కకు కాస్త వాలి ఉన్నా చాలు, మలుపు ఉన్నా చాలు, తోక పక్క లేనులోకి ఊగుతుంది. చక్రం పూర్తిగా బిగుసుకోనక్కర్లేదు కూడా. టైరుకున్న మొత్తం పట్టులో బ్రేకుకు ఎంత ఖర్చయితే పక్కవైపుకు మిగిలేది అంత తగ్గుతుంది. జర్మన్ ఇంజనీరు వునిబాల్డ్ కామ్ పేరుతో ప్రసిద్ధమైన వృత్తం చెప్పేది ఇదే.

మరి చక్రం ఎప్పుడు బిగుసుకుంటుంది? బ్రేకు దాన్ని ఆపాలని చూస్తుంది, కిందనున్న రోడ్డు తిప్పుతూ ఉండాలని చూస్తుంది. మంచు మీద రోడ్డు బలహీనపడుతుంది, బ్రేకు గెలుస్తుంది. గొలుసు రోడ్డు పక్షాన చేరి చక్రాన్ని తిప్పుతూ ఉంచుతుంది. బ్రేకు లేని ట్రైలర్ చక్రానికి ఆపేవాడే లేడు. దానంతటది దొర్లుతూనే ఉంటుంది, పక్క పట్టు ఉన్నంతమేర నిలుస్తుంది. అందుకే నిబంధన దాన్ని వదిలేసింది. కారులో ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకోకుండా అదే చూసుకుంటుంది. మామూలు క్యాంపింగ్ ట్రైలర్లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు.

ఇక పొరబడ్డవాళ్ల సంగతి. గొలుసులు ఎక్కడానికే అనుకునేవారు మొదటి రకం. వీళ్లకు తెలివొచ్చేది దిగేటప్పుడు. రెండో రకం కాకలుతీరిన డ్రైవర్లు: ట్రైలర్ ఊగితే దాని బ్రేకు ఒక్కటే చేత్తో నొక్కు, సర్దుకుంటుంది అంటారు. పొడి రోడ్డు మీద నిజమే. మంచు మీద అదే నొక్కుడు చక్రాల్ని బిగించేస్తుంది.

మూడోవారు సాక్షాత్తూ శాస్త్రవేత్తలు. బరువు ఒత్తిడికి మంచు కరిగి నీరవుతుంది, అందుకే జారుతుందని చాలాకాలం చెప్పారు. 1886లో జాన్ జోలీ స్కేటింగుకు ఇదే కారణమన్నాడు. కానీ ద్రవీభవన స్థానం ఒక్క డిగ్రీ తగ్గాలంటే సుమారు 135 వాతావరణాల పీడనం కావాలి. గట్టిగా గాలి కొట్టిన ట్రైలర్ టైరు నేల మీద వేసేది నాలుగైదు వాతావరణాలు. దాంతో తగ్గేది డిగ్రీలో వందో వంతులు మూడో నాలుగో! అంతకుముందే, 1850లో, మంచు ఉపరితలం మీద పలచని ద్రవపు పొర దానంతటదే ఉంటుందని ఫారడే ఊహించాడు. ఆయన మాటను పట్టించుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

గొలుసుల్లోనూ ఒక మెలిక ఉంది. 1904లో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ పేటెంట్ తీసుకున్న తరహాలో, టైరుకు అడ్డంగా గొలుసు ముక్కలుంటాయి. అవి ముందు వెనకలకు బాగా కరుస్తాయి గాని పక్కకు జారకుండా ఆపడంలో అంతంతమాత్రం. ఏటవాలుగా, డైమండ్ ఆకారంలో అల్లినవి రెండు వైపులా పట్టుకుంటాయి. ట్రైలర్‌కు కావలసింది పక్క పట్టు. అయినా పాత గొలుసులు ట్రైలర్‌కు, కొత్తవి కారుకు అన్నట్టు కడతారు చాలామంది!

వాడకం సంగతులు కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. గొలుసులు బ్రేకులున్న ఇరుసుకే కట్టండి. కారులోని బ్రేక్ కంట్రోలర్‌లో, ట్రైలర్ బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే గెయిన్‌ను పొడి రోడ్డుకు పెట్టినచోటే ఉంచకుండా తగ్గించండి. గొలుసులతో గంటకు 25, 30 మైళ్లు దాటొద్దు. గొలుసుల నిబంధన ఎంత కఠినమో చెప్పే ఆర్1, ఆర్2, ఆర్3 అనే బోర్డులు పెడతారు గాని, ఎందుకో ఒక్క ముక్క రాయరు. అందరికీ గొలుసులు తప్పనిసరి అనే ఆర్3 బోర్డు అరుదు. అక్కడిదాకా వచ్చేసరికి చాలాసార్లు రోడ్డే మూసేస్తారు.